కొండ మీది తెప్ప

మా యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లో 'విద్యార్థులకు లభించు సౌకర్యములు' అని ఒక పేజీ ఉండేది. హాస్టళ్ళు, గ్రంథాలయం, ఉపకార వేతనాల విభాగం, ఉద్యోగ సమాచార కేంద్రం, ఆటస్థలం, అన్నిటి కిందా ఆఖర్న ఆరోగ్య కేంద్రం. ఆ ఆఖరి దాంట్లో నేను ఫార్మసిస్టుని. అందరూ కాంపౌండరు అనేవారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత కోపం తెచ్చుకోవడానికి అంతకంటే మంచి కారణాలు బోలెడు దొరికాయి.

ఆ పేజీలో గంగాలమ్మ పేరు లేదు. ఆయా పేరు ఎవరు అచ్చు వేస్తారు? కానీ తొంభైల్లో ఆ కొండ మీద చదువుకున్నవాణ్ణి ఎవణ్ణైనా పట్టుకుని అడగండి. వాడిప్పుడు ఏ బ్యాంకు మేనేజరో అయ్యుంటాడు. వైస్ చాన్సలరు పేరు మర్చిపోయుంటాడు గానీ గంగాలమ్మ పేరు చెప్తాడు. చెప్తూ ఏ కనుబొమ్మో మోచెయ్యో తడుముకుంటాడు. అక్కడ కుట్ల మచ్చ ఉంటుంది.

నేను చేరింది 1993లో. మాది కొవ్వూరు పక్కన పల్లె. మా నాన్న పోర్టులో పనికొచ్చి వన్ టౌన్‌లో రెండు గదుల ఇంట్లో మమ్మల్ని పెంచాడు. గొడవలు చూడనివాణ్ణేం కాదు. కానీ పుస్తకం పట్టుకోవలసిన చేతుల్లో సైకిలు చెయిన్లు చూడటం అక్కడే మొదలు. హాస్టలుకీ హాస్టలుకీ పడదు, జిల్లాకీ జిల్లాకీ పడదు, సీనియర్లకీ జూనియర్లకీ అసలే పడదు. వాలీబాల్ కోర్టు కోసం ఒకడి పళ్ళు రాలేవి. మెస్సులో తనకి చిన్న గుడ్డు వేశారని ఇంకొకడు పక్కవాడి బుర్ర బద్దలు కొట్టేవాడు. ఏమైందిరా అని అడిగితే ప్రతివాడూ "బాత్‌రూంలో జారిపడ్డాను సార్" అనేవాడు. మా హాస్టలు బాత్‌రూముల ముందు స్టీల్ ప్లాంటు కొలిములు కూడా దిగదుడుపేనని డాక్టరు గురునాథరావుగారు అనేవారు. ఆయన మంచి డాక్టరు, మంచి మనిషి. నోటి దురుసు మాత్రం నాకంటే ఒక పాలు ఎక్కువ.

చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం డాక్టరుగారు ఒక కుర్రాడికి నెత్తిమీద కుట్లు వేస్తున్నారు. వాణ్ణి కొట్టిన ముఠా కూడా తమ దెబ్బలకి మందు రాయించుకోవడానికి లోపలికి వచ్చింది. ఉన్నది ఒకటే ఆస్పత్రి కదా, పాపం ఎక్కడికి పోతారు? వాళ్ళలో ఒకడు బల్ల మీద పడుకున్నవాణ్ణి చూశాడు. పక్కనున్న స్టూలు ఎత్తి కుడుతున్న ఆ తల మీదే వేశాడు. సూది దారంతో సహా చర్మానికి వేలాడింది. రక్తం డాక్టరుగారి కళ్ళజోడు మీదికి చిమ్మింది. నేను కౌంటరు కింద దూరాను. ఇందులో దాచడానికేం లేదు, నాకు ప్రాణమంటే తీపి.

అప్పుడు గంగాలమ్మ డెట్టాల్ నీళ్ళ బేసిను ఎత్తి స్టూలు వాడి మొహాన కొట్టింది. వాడు కళ్ళు నులుముకుంటుంటే ఖాళీ బేసినుతో చెవి మీద ఒకటి, దవడ మీద ఒకటి ఇచ్చింది. జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చి మెట్ల కిందికి తోసింది. బొడ్డులో కొంగు దోపుకుని మెట్టు మీద నిలబడింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం సముద్రం హోరు మీద కేకలు వేసి పెరిగిన గొంతు.

"ఏట్రా, మనుసులేనా మీరు? దెబ్బ తగిలినోడు ఈ గుమ్మం ఎక్కితే తెప్ప ఎక్కినట్టే. తెప్ప మీద పగ నేదు. ఒడ్డుకెల్లినాక నరుక్కుంటారో నంజుకుంటారో మీ ఇట్టం. ఇక్కడ సెయ్యెత్తినోడి సెయ్యి నాను ఇరిసేత్తాను!"

తెప్ప అంటే దుంగలు కట్టిన చేపల పడవ. గంగాలమ్మది కొండ దిగువన ఉన్న జాలరిపేట. మొగుడు మా ఆస్పత్రిలోనే అటెండరుగా చేసి కామెర్లతో పోతే, ఆ ఉద్యోగం బదులు ఈమెకి ఆయా పని ఇచ్చారు. అంతకు ముందు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ కొండ మీద ప్రొఫెసర్ల ఇళ్ళకి తిరిగింది. పిల్లలు లేరు. ఆ తెప్ప సంగతేమిటని సాయంత్రం అడిగాను.

"సముద్రంలో పడిపోయినోణ్ణి ఎవుడైనా సరే తెప్ప మీదికి లాగాల బాబూ. ఆడు నీ అన్నని సంపినోడైనా లాగాల. లాగినాక ఆడి కాలు నేల మీద ఆనేదాకా పల్లెత్తు మాట అనకూడదు. కాలు ఆనినాక ఆడెవుడో నువ్వెవుడో."

"అంత పగవాణ్ణి లాగడమెందుకు? మునిగిపోనివ్వచ్చు కదా?" అన్నాను.

"ఇయాల ఆడు, రేపు నువ్వు. సముద్రానికి తేడా తెలుత్తాదేటి?" అంది. అని నేల మీద నెత్తురు కడగడానికి వెళ్ళిపోయింది.

విచిత్రం ఏమిటంటే కుర్రాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. రిజిస్ట్రారు సంతకంతో అంటించిన ఆజ్ఞలు చించి పొట్లాలు కట్టుకునే వెధవలు గంగాలమ్మ మాట మాత్రం జవదాటలేదు. కొట్టుకునేటప్పుడు ఓడిపోయినవాడు ఆస్పత్రి వైపు పరుగెత్తేవాడు, తరిమేవాళ్ళు మెట్టు దగ్గర ఆగిపోయేవారు. లోపల ఒకే బెంచీ మీద ఇటు చివర ఊడిన పన్ను గుప్పిట్లో పట్టుకుని ఒకడు, అటు చివర తలకి తువ్వాలు చుట్టుకుని ఇంకొకడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు బుద్ధిగా కూర్చునేవారు. బయట కల్వర్టు మీద ముఠా కాచుకుని ఉంటే, గంగాలమ్మ కట్టు కట్టినవాణ్ణి వెనక తలుపు నుంచి పంపించేది. ర్యాగింగులో వీపు మీద సిగరెట్లతో కాల్పించుకున్న పిల్లలు కూడా అక్కడికే వచ్చేవారు. వార్డెనుకి చెప్పడానికి భయం, ఇంట్లో చెప్పడానికి సిగ్గు. ఆ గుమ్మం లోపల మాత్రం బావురుమని ఏడ్చేవారు. ఒక్కచోటైనా దెబ్బతిన్న పిల్లాడు భయం లేకుండా అడుగు పెట్టాలి అన్నది ఆవిడ పట్టుదల. మిగతా సౌకర్యములన్నీ కలిపి ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు అని నేను ఈరోజుకీ ఎవరితోనైనా పందెం కాస్తాను.

97లో గంగాలమ్మ మేనల్లుడు వాసు కొండెక్కాడు. తమ్ముడు ఎల్లాజీ కొడుకు. పేట మొత్తానికి యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటివాడు. చేరింది ఎమ్మెస్సీలో, సముద్రంలో బతికే జీవాల గురించి చదివే కోర్సు. "సేపని కొయ్యడానికి కాలేజీ ఏట్రా, మీయమ్మ కొయ్యడం నేదా?" అని ఎల్లాజీ పదిమందిలో వెక్కిరించేవాడు గానీ, ఆ వెక్కిరింత చూడాలి, ముప్పాతిక మురిపెమే. వాసుని సగం పెంచింది గంగాలమ్మే. వాడు ల్యాబ్ అయ్యాక వచ్చి మా కౌంటరు దగ్గర నిలబడి, "అత్తా, ఆకలేత్తంది" అంటే ఈవిడ మొహం విప్పారేది.

వాసు సాధువేం కాదు. ముక్కు మీద కోపం. వాడి హాస్టల్లోనే మోహనకృష్ణ అని స్టీల్ టౌన్‌షిప్ కుర్రాడు ఉండేవాడు. తండ్రి శివరామకృష్ణ గుడివాడ వైపు నుంచి వచ్చి ప్లాంటులో ఫోర్‌మన్‌గా స్థిరపడ్డాడు. పిల్లాడు తెలివైనవాడు, కానీ నోరు మంచిది కాదు. ఒకరోజు మెస్సులో వాసు పక్కన కూర్చోబోయి ముక్కు మూసుకుని, "బాబోయ్, ఇక్కడ సముద్రం కంపు" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వారు. వాసు తింటున్న స్టీలు కంచం ఎత్తి అంచుతో మొహం మీద కొట్టాడు. మోహనకృష్ణ చెవి తమ్మె సగం తెగి వేలాడింది.

ఆ చెవికి కట్టు కట్టింది గంగాలమ్మే. కడుతూనే "నోరు జారితే సెవి జారింది, సూసావా?" అంది. సాయంత్రం వాసు వస్తే వీపు మీద చీపురు విరిగేదాకా కొట్టింది.

వారం తిరక్కుండా మోహనకృష్ణ ముఠా హాకీ కర్రలతో వాసుని తరిమింది. వాడు చొక్కా చిరిగి, పెదవి చిట్లి, ఊపిరాడక వచ్చి మా మెట్ల మీద బోర్లా పడ్డాడు. వెనకాల ఎనిమిది మంది. మోహనకృష్ణ ముందున్నాడు, చెవికి ఇంకా కట్టు ఉంది. కర్ర ఎత్తాడు. గంగాలమ్మ గుమ్మంలో నిలబడి వాడి కళ్ళలోకి చూసింది. వాడు కర్ర దించి, మెట్టు మీద ఉమ్మేసి, వెనక్కి తిరిగాడు. మర్నాడు ఎల్లాజీ చేతి పొడుగు వంజరం చేప తెచ్చి అక్కగారి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అప్పా, నీ తెప్ప నా కొడుకుని కాసింది" అన్నాడు. ఆ మాట నా చెవులారా విన్నాను.

తొంభై తొమ్మిదిలో, పరీక్షల ముందు, మిట్టమధ్యాహ్నం, నీళ్ళ ట్యాంకు వెనక మళ్ళీ కలుసుకున్నారు. ఎవరు పిలిచారో, ఎవరు ముందు కొట్టారో ఇప్పటికీ రెండు కథలున్నాయి. వాసు చేతిలో ఇనప రాడ్డు ఉంది. మోహనకృష్ణ చేతిలో కత్తి ఉంది. అది కూరగాయల కత్తి కాదు, ఆ పనికే కొన్నది.

ముందు వాసుని తెచ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు. పొట్ట మీద రెండు చేతులూ అదిమి పట్టుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి పేగు కనిపిస్తోంది. మాకున్న ఒక్క స్ట్రెచరు మీద పడుకోబెట్టాం. డాక్టరుగారు మోచేతుల దాకా చేతులు నెత్తుట్లో పెట్టి ఎక్కడ తెగిందో వెతుకుతున్నారు. గంగాలమ్మ గుడ్డలు అందిస్తోంది, అదుముతోంది, తడిసినవి పారేస్తోంది. ఆస్పత్రికి ఉన్న ఒక్క జీపూ పెట్రోలు పోయించుకోవడానికి సిరిపురం వెళ్ళింది. నేను ఫోను పట్టుకుని పెట్రోలు బంకు వాణ్ణి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను.

ఆలోపే రిక్షాలో మోహనకృష్ణని తెచ్చి పక్క గదిలో బెంచీ మీద పడేశారు. నుదురు పగిలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. తొడ మధ్యలో విరిగి కాలు అటు తిరిగిపోయింది. రెండు గదులకీ మధ్య ఒక పచ్చ కర్టెన్.

"అత్తా, దాహం" అన్నాడు వాసు.

పొట్ట చీలినవాడికి నీళ్ళివ్వకూడదు. గంగాలమ్మ డాక్టరుగారి వైపు చూసింది, ఆయన తల అడ్డంగా ఊపారు. దూది తడిపి పెదవులు అద్దింది. వాడు దూదిని పళ్ళతో పట్టుకుని పీల్చాడు. కాసేపటికి పీల్చడం ఆగింది. డాక్టరుగారు చేతులు బయటికి తీసి గోడవైపు తిరిగి నిలబడ్డారు. గంగాలమ్మ ఏడవలేదు. ఆ దూది ముక్కని వాడి నోట్లోంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అంత దుఃఖం మళ్ళీ చూడలేదు.

జీపు వచ్చింది, రావలసిన పని అయిపోయాక. కానీ లోపలికి రాలేకపోయింది. ఎందుకంటే దానికంటే ముందు పేట వచ్చింది. కబురు ఎలా దిగిందో గానీ కొండ దిగువ నుంచి మగవాళ్ళు తెడ్లతో, గెడకర్రలతో వచ్చి మెట్ల ముందంతా, వెనక తలుపు దగ్గర కూడా నిండిపోయారు. ముందు ఎల్లాజీ. పక్కన పేట పెద్ద వరహాలు, డెబ్భై దాటిన ముసలాయన. కిటికీ అద్దం మీద రాయి పడింది. వాళ్ళు మెట్టెక్కలేదు, అది మాత్రం చెప్పాలి. కడుపు రగిలిపోతున్నా ఒక్కడూ మెట్టు మీద కాలు పెట్టలేదు.

"ఆణ్ణి బయటికి తోలండి!" అని అరుస్తున్నారు.

డాక్టరుగారు మోహనకృష్ణ కనురెప్ప ఎత్తి చూశారు. "బుర్ర లోపల రక్తం కారుతోంది. గంటలో పెద్దాసుపత్రిలో ఉండకపోతే వీడూ పోతాడు" అన్నారు. పోలీసులకి ఎప్పుడో చెప్పాం, వాళ్ళ మర్యాద ప్రకారం వాళ్ళు నిదానంగా వస్తారు. జీపు గేటు బయట రోడ్డు మీద ఉంది. స్ట్రెచరు మీద వాసు ఉన్నాడు.

నేను స్ట్రెచరు వైపు చూశాను. గంగాలమ్మ నా చూపు పట్టేసింది. "ఆణ్ణి కదిపితే నీ కాళ్ళు ఇరగ్గొడతాను" అంది. తర్వాత ట్రేలోంచి పెద్ద కత్తెర తీసుకుని కర్టెన్ తీసి పక్క గదిలోకి వెళ్ళింది. నేను అడ్డు వెళ్ళలేదు. ఆవిడ మోహనకృష్ణ మొహం మీదికి వంగి చాలాసేపు చూసింది. కత్తెర ఆడించి, వాపు పట్టి బిగిసిపోయిన ప్యాంటు కాలిని పొడుగునా కోసి, విరిగిన తొడకి అట్ట కట్టింది.

"ఈణ్ణి నా ఈపు మీదికి ఎత్తండి" అంది.

"పిచ్చా నీకు? చంపేస్తారు" అన్నారు డాక్టరుగారు.

"మీరు మోత్తే సంపేత్తారు. నాను మోత్తే ఈడి కాలు ఆననంత సేపూ ముట్టుకోరు. బేగి ఎత్తండి బాబూ, నా మనసు మారిపోకముందే."

పక్క దుప్పటితో వాణ్ణి వీపుకి కట్టాం. మూర్ఛలో ఉన్న మనిషి బరువు. మెడ ఆవిడ భుజం మీద వేలాడుతోంది, వాడి నెత్తురు ఆవిడ జాకెట్టులోకి కారుతోంది. నేను సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని వెనకాల నడిచాను. చేతికి వేరే పని లేదు కాబట్టి నడిచాను, ధైర్యం కాదు.

మెట్లు దిగగానే అరుపులు ఆగిపోయాయి. తెడ్లు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

"దింపియ్ అప్పా" అన్నాడు ఎల్లాజీ.

"దింపను. నా తెప్ప మీదున్నాడు."

"అది ఆస్పత్రే! తెప్పేటి, గిప్పేటి! నా కొడుకు సచ్చిపోయాడే!"

"నీ కొడుకు ఇదే మెట్టెక్కి బతికినప్పుడు తెప్పని నువ్వే అన్నావు. ఇయాల కాదంటే ఆయాలా కాదు. అడ్డు లెగు."

ఎవరూ కదల్లేదు. ఆవిడే కదిలింది. తెడ్ల మధ్యనుంచి, అన్నదమ్ముల, మరుదుల, పాలివాళ్ళ మొహాల మీదికే నడిచింది. ఒకడు మోహనకృష్ణ జుట్టు అందుకోబోతే పక్కవాడే వాడి చెయ్యి కొట్టేశాడు. నాకు కల్వర్టు కనిపించింది, గేటు కనిపించింది. బయటపడ్డాం అనుకున్నాను.

"తెప్ప మీదున్నోణ్ణి ముట్టుకోకూడదు" అని వెనకనుంచి ఎల్లాజీ అరిచాడు. "తెప్పని కొట్టకూడదని ఎవులన్నార్రా?"

తెడ్డు తిప్పి సొంత అప్ప భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఈరోజుకీ వినిపిస్తుంది. గంగాలమ్మ అరవలేదు, ఊపిరి మాత్రం ఒక్కసారి బయటికి వచ్చింది. రెండో దెబ్బ నడుం మీద పడింది. ఆవిడ ముందుకు తూలి మోకాలి మీద కూలింది. కుడిచెయ్యి వేలాడిపోయింది. వీపు మీది మనిషి ఒక పక్కకి జారాడు, విరిగిన కాలు కిందికి వచ్చింది.

"ఆనింది! కాలు ఆనింది!" అని గుంపంతా ఒక్కసారిగా లేచింది. తెడ్లు లేచాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆన్నేదు!" అని ఒక గొంతు వినిపించింది.

కళ్ళు తెరిస్తే ముసలి వరహాలు దుమ్ములో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన అరచెయ్యి నేల మీద పరిచి ఉంది, మోహనకృష్ణ మడమ ఆ అరచేతిలో ఉంది.

"నా సెయ్యుంది. నేల నేదు. సూసుకోండి, కావాలంతే వొంగి సూసుకోండి. ఆన్నేదు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నిజంగానే వంగి చూశారు. అంత పగలోనూ వంగి చూశారు!

వరహాలు లేచాడు, చెయ్యి మాత్రం మడమ కింద నుంచి తియ్యలేదు. గంగాలమ్మ ఎడమ చేత్తో గేటు ఊచ పట్టుకుని, పళ్ళు బిగించి లేచింది. అలాగే ముగ్గురూ జీపు దాకా వెళ్ళారు, ఆయన వంగి ఆ కాలు మోస్తూ, ఆవిడ మనిషిని మోస్తూ. వెనక ఎల్లాజీ రోడ్డు మీద కూలబడి అదే తెడ్డుతో తన నెత్తి తను బాదుకుంటున్నాడు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

మోహనకృష్ణ బతికాడు.

గంగాలమ్మ తమ్ముడి మీద కేసు పెట్టలేదు. ఏమైందని ఇన్‌స్పెక్టరు అడిగితే ఆకాశం వైపు చూసింది. వాసుకి మట్టి చేసిన రోజు చెయ్యి మెడకి కట్టుకుని పేటకి వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. వాసు తల్లి పోతమ్మ ఎదురొచ్చి గుప్పెడు ఇసక మొహాన కొట్టింది.

"నా కొడుకు సల్లబడిపోతంటే ఆణ్ణి మోసావే వొదినా! ఆ ఈపు మా గుంటడిది కాదేటే? ఆడు ఆడుకున్న ఈపు కాదేటే?" అని గుండెలు బాదుకుంది. గంగాలమ్మ కళ్ళల్లో ఇసక తుడుచుకోలేదు. శవం లేచేదాకా అలాగే నిలబడి, తిరిగి వచ్చేసింది. ఎల్లాజీ ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. పేటలో ఎవరూ ఆమెది తప్పని అనలేదు, అన్నం తినమని కూడా అనలేదు.

యూనివర్సిటీ వారు కమిటీ వేశారు. హాస్టళ్ళు మూసి తెరిచారు. పక్క గదికి సున్నం కొట్టించి 'విద్యార్థి సలహా కేంద్రము' అని బోర్డు పెట్టి, మంగళవారాలు ఒక మేడమ్‌ని కూర్చోబెట్టారు. ఆవిడ ఓపికగా వినేది, పిల్లలు వెళ్ళేవారు కూడా. గంగాలమ్మ కుడిచెయ్యి భుజం కంటే పైకి మళ్ళీ లేవలేదు. ఎడమ చేత్తో కట్టడం నేర్చుకుంది.

మోహనకృష్ణ మీద హత్య కేసు అయిదేళ్ళు నడిచింది. నీళ్ళ ట్యాంకు వెనక చూసినవాళ్ళెవరూ కోర్టులో చూడలేదు. 2004లో కొట్టేశారు. తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున్న మోహనకృష్ణ, తండ్రి శివరామకృష్ణ మా ఆస్పత్రి ముందు కారు దిగారు. చేతిలో పూలదండ, పళ్ళ బుట్ట, పట్టుచీర. కుర్రాడు కుంటుతున్నాడు. జుట్టు కింద నుదురు సొట్ట పడి ఉంది. బెంచీల మీద విద్యార్థులు పదిమంది దాకా ఉన్నారు.

"అమ్మా, మా వాడు నీ బిడ్డ. నువ్వు పోసిన ప్రాణం. దణ్ణం పెట్టుకుంటాడు" అన్నాడు శివరామకృష్ణ. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి అబద్ధం నీళ్ళు కావు.

గంగాలమ్మ ట్రే కింద పెట్టింది. "బయటికి రా" అని మోహనకృష్ణతో అంది. మెట్లు దిగి, కల్వర్టు దాటి, గేటు దాటి రోడ్డు మీద నిలబడింది. అతను కుంటుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ రెండు కాళ్ళూ నేల మీదున్నాయి గదా?" అంది.

"ఉన్నాయమ్మా" అన్నాడు.

ఎడమ చెయ్యి వెనక్కి తీసి చెంప మీద కొట్టింది. దండ ఎగిరి రోడ్డు మీద పడింది. మళ్ళీ కొట్టింది. చెప్పు తీసి కొట్టింది, మొహం మీద, మెడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ. "ఇది ఆడి అత్త కొడతంది! దాహమని అడిగాడ్రా! నీళ్ళు కూడా పొయ్యనేదు నాను!" అని అరుస్తూ కొట్టింది. అయిదేళ్ళు దాచిన ఏడుపు అప్పుడు వచ్చింది. తండ్రి అడ్డు రాబోతే "వద్దు నాన్నా" అన్నాడు మోహనకృష్ణ. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తల కూడా తిప్పలేదు. చెప్పు మేకు తగిలి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి దిగింది.

నేను వెళ్ళి పట్టుకున్నాను. ఆయాసంతో ఆవిడ ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. లోపలికి తెచ్చి కూర్చోబెడితే కాసేపటికి బెంచీల మీది పిల్లల్ని చూసింది. వాళ్ళు బిక్కచచ్చి చూస్తున్నారు. ఆవిడ మొహంలో అప్పుడు కనిపించింది భయం. తెడ్ల మధ్య నడిచినప్పుడు కూడా లేని భయం.

"బాబూ, ఇంక దెబ్బ తగిలినోడు ఈ గుమ్మం ఎక్కుతాడంతావా? నానే ఆపేసానేటి?" అంది.

బయట శివరామకృష్ణ కొడుకుని కారు వైపు లాగుతున్నాడు. అతను చెయ్యి విడిపించుకున్నాడు. రుమాలు కన్నుకి అదుముకుని గేటు దాటి, కల్వర్టు దాటి వచ్చి, మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గంగాలమ్మ లేచింది.

"రా" అంది.

అతను మా విద్యార్థి కాడు, పేరు ఎప్పుడో కొట్టేశారు. రూలు ప్రకారం వైద్యం చెయ్యకూడదు. రూలు గురించి నేను నోరెత్తలేదు. డాక్టరుగారు ఇంకా రాలేదు, కుట్లు నేనే వేశాను. గంగాలమ్మ ఎడమ చేత్తో అతని తల కదలకుండా పట్టుకుంది. కట్టు కట్టడం అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుంది.

"దణ్ణాలకి నా కాడికి రాకు. రెండ్రోజులాగి కట్టు మార్పించుకో" అంది.

"ఎక్కడమ్మా?" అన్నాడు.

"ఇక్కడే. మరెక్కడ?"

చీర, పళ్ళు తండ్రి తీసుకుపోయాడు. రెండ్రోజులాగి మోహనకృష్ణ సిటీ బస్సులో ఒక్కడే వచ్చాడు. పొద్దుటి పూట, రద్దీగా ఉంది. బెంచీ చివర ఎవరో ఫస్టియర్ కుర్రాడు వాచిన మొహంతో కూర్చుని ఉంటే, వాడి పక్కన సర్దుకుని కూర్చుని, గంగాలమ్మ పిలిచేదాకా తన వంతు కోసం చూశాడు.